ఐరోబోట్ దివాలా తీసింది, మా వాణ్ణి రోబోటిక్స్‌కి పంపాలా వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. అమెరికాలో రోబోటిక్స్ ఎంఎస్ చేసి ఐరోబోట్ లాంటి కంపెనీలో చేరతానంటాడు. ఇంట్లో తిరిగే రోబోలు, మిలిటరీ రోబోలు రెండూ చేసింది వాళ్ళేనట. ఇప్పుడా కంపెనీయే దివాలా తీసిందని వార్త. రోబోటిక్స్‌లో ఏమీ లేదు, సాఫ్ట్‌వేర్‌లో వేయండి అని వాళ్ళ బాబాయి పట్టుబడుతున్నాడు. పొలం కాగితాలు పెట్టి లోన్ తీసుకోవాలి. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ సంగతికి తర్వాత వస్తానమ్మా. మీ మరిదిగారు దివాలా అన్న ఒక్క మాట విని తీర్పు చెప్పేశారు, మీ అబ్బాయేమో ఆ రోబోల వీడియోలు చూసి మనసు పారేసుకున్నాడు, ఇద్దరిలో ఎవరూ ఆ కంపెనీ లెక్కల జోలికి పోయినట్టు లేదు.

ఎంఐటీ ల్యాబ్ నుంచి వచ్చిన కాలిన్ యాంగిల్, హెలెన్ గ్రైనర్, రాడ్నీ బ్రూక్స్ 1990లో పెట్టిన కంపెనీ అది. చాలా ఏళ్ళు ఏ పని దొరికితే అది చేశారు. చివరికి నిలబెట్టినవి రెండు. మొదటిది ప్యాక్‌బోట్, ట్యాంకులా పట్టాల మీద నడిచే చిన్న బండి, ముందున్న రెండు చిన్న పట్టాల చేతుల్ని పైకి లేపి మెట్లు కూడా ఎక్కేస్తుంది. 2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాల్లోకి, ఆ తర్వాత అఫ్ఘానిస్తాన్‌కి, ఇరాక్‌లో రోడ్డు పక్కన పెట్టిన బాంబుల దగ్గరికి, 2011లో ఫుకుషిమా అణు కేంద్రంలోకి మనిషి బదులు అది వెళ్ళింది. రెండోది 2002లో 200 డాలర్లకి వచ్చిన రూంబా, ఇల్లు ఊడ్చే రోబో. ఆ మొదటి రూంబాకి ఇంటి మ్యాపు గీసుకోవడం రాదు, గోడకి తగిలితే పక్కకి తిరిగి ఇంకోవైపు పోతుంది, అంతే. అంత తేలికైన పద్ధతి కాబట్టే ఆ ధరకి ఇవ్వగలిగారు.

2005లో షేరు 24 డాలర్లకి మార్కెట్లోకి వచ్చింది. యుద్ధాలు తగ్గేసరికి మిలిటరీ ఆర్డర్లూ తగ్గాయి, ఇళ్ళ రోబోల వ్యాపారం చాల్లే అనుకుని 2016లో డిఫెన్స్ విభాగాన్ని ఓ పెట్టుబడి సంస్థకి అమ్మేశారు, గరిష్ఠంగా 4.5 కోట్ల డాలర్లకి. అదే విభాగం ఎండెవర్ అని పేరు మార్చుకుంది, సైన్యం నుంచి కొత్త ఆర్డర్లు తెచ్చుకుంది, 2019లో ఫ్లిర్ అనే కంపెనీ దాన్ని 38.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. మూడేళ్ళలో ఎన్ని రెట్లో మీ వాణ్ణే లెక్కేయమనండి. అమ్మినవాళ్ళకి నష్టమేమో గానీ అందులో సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసేవాళ్ళ పని ఆగలేదు, బయట బోర్డు మీద పేరు మారిందంతే. బాబాయిగారికి ఇది వినిపించండి.

ఇళ్ళ రోబోల వైపు కథ వేరేగా నడిచింది. 2021లో అమ్మకాలు 156 కోట్ల డాలర్లు, 2024కి 68 కోట్లు. చైనా నుంచి రోబోరాక్, ఎకోవాక్స్ లేజర్‌తో గది కొలిచే రోబోలు, ఊడ్చి తుడిచే రోబోలు తక్కువ ధరలో దించుతుంటే వీళ్ళు చాలా ఏళ్ళు దారి చూసుకోవడానికి కెమెరానే పట్టుకుని వేలాడారు. 2022లో అమెజాన్ దాదాపు 170 కోట్ల డాలర్లకి కొంటానంది. యూరప్ అధికారులు అడ్డుచెప్పారు, 2024 జనవరిలో బేరం రద్దయింది, అదే రోజు సుమారు 350 మందిని, అంటే ఉద్యోగుల్లో మూడో వంతుకి కొంచెం తక్కువ, తీసేస్తున్నట్టు ప్రకటించారు, యాంగిల్ కూడా తప్పుకున్నాడు. ఆ బేరం తేలేలోగా బండి నడవాలని తెచ్చిన 20 కోట్ల డాలర్ల అప్పు మాత్రం మెడకి చుట్టుకుంది. పైన అమెరికా సుంకాలు. 2025 మార్చిలో, ఇంకో ఏడాది నడుస్తామో లేదో అనుమానమేనని కంపెనీ తానే రిపోర్టులో రాసింది. డిసెంబర్లో దివాలా పిటిషన్ వేసింది, వాళ్ళకి సరుకు తయారుచేసిపెట్టే చైనా కంపెనీ పైసియా, అప్పు కూడా దానికే కట్టాల్సి ఉండడంతో, కంపెనీని తన చేతికి తీసుకునేలా ఒప్పందం కుదిరింది.

ఇందులో టెక్నాలజీ చచ్చింది ఎక్కడ? ఇళ్ళల్లో రోబోలు ఎక్కువవుతూనే ఉన్నాయి, డబ్బు వేరేవాళ్ళ జేబులోకి పోయింది.

కానీ మీ అబ్బాయి పక్షాన కూడా నేను పూర్తిగా మాట్లాడను. ఏ కన్సల్టెన్సీ వాడూ చెప్పనిది ఒకటుంది, వాళ్ళకి కావల్సింది అడ్మిషన్ ఫీజు కాబట్టి. అమెరికాలో మిలిటరీ రోబోల ఉద్యోగాలు చాలావరకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్ళకే, ఆయుధాల ఎగుమతి చట్టం అలా ఉంది. స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాడికి ఆ తలుపు మూసే ఉంటుంది. ఇళ్ళ రోబోల తయారీ, డిజైన్ ఎక్కువగా చైనాలోని షెన్‌జెన్ వైపు పోయింది. అంటే వాడు కలగన్న కంపెనీలో ఒక సగం వీసాకి అందదు, రెండో సగం అమెరికాలో ఉండేదే అనుమానం. గోడౌన్లలో సామాను మోసే రోబోలు, ఆపరేషన్లలో వాడే రోబోలు, డ్రైవర్ లేని కార్లు, వీటిలో మనవాళ్ళు చేస్తున్నారు, అటు చూడమనండి. అక్కడా చిన్న కంపెనీలో చేరి అది మూతపడితే టెన్షన్ మామూలుగా ఉండదు, ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే అనుమతి, దాని మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు.

మిలిటరీ రోబోలే కావాలంటే భారత పాస్‌పోర్టు అడ్డుకాని చోటు మన దేశమే కదా. మన సైన్యం బాంబులు తీయడానికి వాడే దక్ష్ రోబో పుణెలోని డీఆర్‌డీవో ల్యాబ్‌లో తయారైంది. హైదరాబాద్‌లోనే డీఆర్‌డీవో ల్యాబులు బోలెడు. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది, అక్కడ ఎంఎస్ చేస్తే అమెరికా ఖర్చులో చిన్న ముక్క కూడా కాదు.

కాబట్టి పొలం కాగితాలు ఇప్పుడే బయటికి తీయకండి. ఈ సెలవుల్లో వాడికి రెండు పనులు పెట్టండి. తను చేరాలనుకునే మూడు కంపెనీల వార్షిక రిపోర్టులు చదవాలి, మార్కెట్లో ఉన్న అమెరికా కంపెనీలైతే అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ సైట్లో ఉచితంగా దొరుకుతాయి, చేతిలో నగదెంత, అప్పెంత, అమ్ముడుపోని సరుకెంత పేరుకుందో ఒక కాగితం మీద రాసి మీకు తెలుగులో చెప్పాలి. రెండోది, ఆ కంపెనీల ఉద్యోగ ప్రకటనలు తీసి ఎన్నింటిలో పౌరసత్వం అడిగారో, సీ ప్లస్ ప్లస్, ఆర్ఓఎస్ (రోబోలు నడిపే సాఫ్ట్‌వేర్), మోటార్ కంట్రోల్‌లో ఏవి అడిగారో గుర్తుపెట్టాలి. ఇది చేయడానికే బద్ధకిస్తే ఎంఎస్ ఖర్చు గురించి మాట్లాడుకోవడం దండగ. చేసి కూడా అదే పట్టు మీద ఉంటే, అప్పుడు లోన్ ఎంత, అందులో పొలం మీద ఎంత అన్నది కూర్చుని మాట్లాడదాం.

ఈలోగా గేట్ పరీక్షకి కట్టించండి. మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్ళు పనికొస్తుంది, డీఆర్‌డీవో సైంటిస్ట్-బి పోస్టులకి అదే చూస్తారు. అప్లికేషన్లు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో వస్తాయి, ఫీజు తప్ప పోయేదేమీ లేదు.