గేమ్ స్ట్రీమింగ్‌కి నెల చందా అయితే సరే, ఒక్కో గేమ్‌కి అద్దె మాత్రం వద్దు

మీ అబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోయాయని, గేమింగ్ కంప్యూటర్ కొనే బదులు నెట్‌లో స్ట్రీమ్ అయ్యే గేమ్స్ అద్దెకి తీసుకుంటే గిట్టుబాటవుతుందా అని ఒంగోలు నుంచి అడిగారు. స్ట్రీమింగ్ అంటే గేమ్ ఎక్కడో కంపెనీ కంప్యూటర్‌లో నడుస్తుంది, బొమ్మ నెట్‌లో మనకొస్తుంది. మాది కావలి. పాత లాప్‌టాప్ మీద నేనూ మా తమ్ముడూ ఇలాంటి సర్వీసులు వాడాం. నెల చందా ధర న్యాయంగానే ఉంటుంది. ఒక్కో గేమ్‌కి విడిగా అద్దె అంటే మాత్రం కట్టకండి.

2014లో సోనీ ప్లేస్టేషన్ నౌ అనే స్ట్రీమింగ్ సర్వీసు తెచ్చినప్పుడు గేమ్‌కింతని అద్దె పెట్టింది. గడువులు 4 గంటలు, 7 రోజులు, 30 రోజులు, 90 రోజులు. అద్దెలు 2.99 డాలర్ల నుంచి మొదలు. పెద్ద కథ ఉన్న గేమ్ పూర్తవడానికి ముప్పై, నలభై గంటలు పడుతుంది. నాలుగు గంటల్లో ఏమవుతుంది? కథలో పడ్డాక మళ్ళీ కట్టక తప్పదు. డిస్క్ కొంటే ఆడేశాక ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఇక్కడ ఆ వీలూ లేదు. 2015 జనవరిలో నెలకి 19.99 డాలర్ల చందా వచ్చింది, 2019లో అదే 9.99కి దిగింది. సగానికి దించగలిగారంటే మొదట్లో ఎంత ఎక్కువ పెట్టారో చూడండి.

అలాగని కంపెనీకి ఖర్చు లేదని కాదు. సినిమా అయితే ఒకసారి తయారైన ఫైలునే లక్షమందికి పంపొచ్చు. గేమ్‌లో మీవాడు ఆడినంతసేపూ ఎక్కడో డేటా సెంటర్‌లో బొమ్మలు తయారుచేసే ఒక గ్రాఫిక్స్ కార్డు వాడి కోసం పనిచేస్తూనే ఉండాలి. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్‌విడియా వాళ్ళ జీఫోర్స్ నౌ అనే సర్వీసులో డబ్బు కట్టేవాళ్ళకి కూడా నెలకి 100 గంటల పరిమితి ఉంది. రోజుకి మూడు గంటల పైమాటే, సెలవుల్లో పిల్లవాడికి అది చాలు. అయితే అక్కడ ఉచిత గేమ్స్ తప్పిస్తే మిగతావి మనం వేరేచోట కొనుక్కుని ఉండాలి. వాళ్ళు అద్దెకిచ్చేది కంప్యూటర్‌నే. ఇది చూసుకోకుండా కడితే మోసపోయామనిపిస్తుంది.

ఇక నెట్ సంగతి. మనలాంటి ఊళ్ళలో ధర న్యాయమా కాదా అనేది ఇక్కడే తేలుతుంది. 20 ఎంబీపీఎస్ స్పీడ్‌తో ఆడితే గంటకి 9 జీబీ అవుతుంది. రోజుకి 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ పది నిమిషాల్లో ఖాళీ. ఇంట్లో ఫైబర్ ఉండాల్సిందే. అప్పుడు కూడా స్పీడ్ ఒక్కటే సరిపోదు, బటన్ నొక్కిన సంగతి సర్వర్ దాకా వెళ్ళి బొమ్మ వెంటనే వెనక్కి రావాలి. మా ఇంట్లో పగలు హాయిగా ఆడేవాళ్ళం. రాత్రి ఎనిమిది దాటి వీధిలో అందరూ నెట్‌లో మ్యాచ్‌లు పెట్టారంటే బొమ్మ మసకబారేది, రేసులో మలుపు దాటిపోయాక కారు తిరిగేది. వైఫై తీసేసి రౌటర్ నుంచి వైరు లాగాక చాలా బాగుపడింది కానీ రాత్రిపూట కారు రేసులు ఆడటం మానేశాం. నిదానంగా ఆలోచించి ఆడే గేమ్స్‌కి ఏ ఇబ్బందీ రాలేదు. సర్వర్ పక్కనే ఉన్న పెద్ద సిటీవాళ్ళు కట్టేదే మనమూ కడుతున్నాం. అందుకే మనకి రోజు పాస్‌లు, వారం పాస్‌లు ఉండాలని గట్టిగా అనుకుంటాను. దొరికితే ముందు అవే తీసుకోండి.

స్ట్రీమింగ్ సర్వీసులోనే గేమ్స్ కొనడం కూడా వద్దు. అలా గేమ్స్ అమ్మిన గూగుల్ స్టేడియా సర్వీసు 2023 జనవరిలో మూతపడింది. కొన్న గేమ్స్‌కి గూగుల్ డబ్బు వెనక్కిచ్చింది కాబట్టి సరిపోయింది, అందరూ అలా ఇస్తారని నమ్మకం లేదు.

కాబట్టి ఏడాది ప్లాన్ చవకగా కనిపించినా ఒక్క నెలకే కట్టండి. మొదటి రోజే రాత్రి తొమ్మిదికి మీవాడికి నచ్చిన గేమ్ పెట్టించి చూడండి. అప్పుడు బాగుంటే పగలు ఎలాగూ బాగుంటుంది. యూపీఐలో ఆటోపే ఆ రోజే రద్దు చేసెయ్యండి, లేకపోతే ఇంటర్ క్లాసులు మొదలై మీవాడు లాప్‌టాప్ ముట్టుకోకపోయినా నెలనెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది.