ఆఖరి కనెక్షన్ బండి తప్పిపోతే రైల్వే మనకు ఏమైనా బాకీ పడుతుందా?

హైదరాబాదు నుంచి వచ్చిన బండి ఆలస్యం కావడం వల్ల గుంటూరులో మాచర్ల వైపు వెళ్లే ఆఖరి ప్యాసింజరు అందలేదనీ, కారు మాట్లాడుకుని ఇల్లు చేరేసరికి జేబు ఖాళీ అయిందనీ, జర్మనీలో ఉన్న మీ తమ్ముడేమో అక్కడైతే టాక్సీ డబ్బు రైల్వేవారే ఇస్తారని చెప్పాడనీ రాశారు. అటువంటి హక్కు మనకూ ఉందా అన్నది మీ ప్రశ్న. ఉంది. రైల్వే నియమాల్లో వెతికితే మాత్రం ఛార్జీ వాపసు దగ్గరే ఆగిపోతారు. కారు కిరాయి వంటి అసలు నష్టం రాబట్టాలంటే వినియోగదారుల చట్టాన్ని ఆశ్రయించవలసిందే.

మీ తమ్ముడు చెప్పినది నిజమే. ఐరోపా సమాఖ్యలో 2023 జూన్ 7 నుంచి అమలులో ఉన్న నియమావళి ప్రకారం గంటకు పైబడిన ఆలస్యానికి టిక్కెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం ఇవ్వాలి. జర్మనీలోనైతే ఆ రోజుకు ఆఖరి బండి తప్పిపోయి, అర్ధరాత్రి లోపు ఊరు చేరే మార్గం లేని ప్రయాణికుడు టాక్సీలో వెళ్లి 120 యూరోల వరకు తిరిగి అడగవచ్చు. మన దేశంలోనూ 2019లో లక్నో–ఢిల్లీ తేజస్ ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు గంట దాటిన ఆలస్యానికి 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇస్తామన్నారు. ఆ ముచ్చట ఆ ఒకటి రెండు బండ్లతోనే సరి. మాచర్ల ప్యాసింజరు ఎక్కేవారి దాకా అది ఎన్నడూ రాలేదు.

నా అనుభవం కొన్నేళ్ల క్రిందటిది. అన్నవరంలో వ్రతం చేసుకుని, మరునాడు ఉదయం మా మేనకోడలి నిశ్చితార్థం ఉన్నందున తెనాలి వరకు రిజర్వేషను చేయించుకుని బయలుదేరాము. తెనాలిలో రేపల్లె వెళ్లే ఆఖరి బండి ఎక్కాలన్నది మా ఏర్పాటు. ఏలూరు దాటే వరకు బండి చక్కగానే వచ్చింది. గుణదల దగ్గర ఆగినది ఎంతకీ కదలలేదు. కొండ మీద మేరీమాత గుడి దీపాలు కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి. పక్క లైను మీద గూడ్సులు పోతూనే ఉన్నాయి. పెట్టెలో ప్రతివారూ ఫోను తీసి బండి ఎక్కడ ఉందో చూసుకుంటున్నారు, తామున్న చోటు తమకే తెలియనట్లు. చివరికి విజయవాడ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడేసరికి గంటన్నర దాటిన ఆలస్యం. అక్కడ మళ్లీ ఇంజను దగ్గర ఏదో పని.

ప్లాట్‌ఫారం మీద ఒక ఉద్యోగిని పట్టుకుని, తెనాలిలో రేపల్లె బండిని కాసేపు ఆపించగలరా అని అడిగాను. ఆయన మర్యాదస్తుడు. నా టిక్కెట్టు చూసి, "మీకు తెనాలి దాకానే ఉంది కదండీ. రేపల్లెకు టిక్కెట్టేది?" అన్నారు. రేపల్లెకు రిజర్వేషను లేని సాధారణ టిక్కెట్టు, అది తెనాలిలో దిగి కొనుక్కోవలసినదే కనుక మా దగ్గర ఎందుకుంటుంది? ఆయన అన్న దానిలో తప్పు లేదు. మేము ఆ టిక్కెట్టు కొననే లేదు కనుక, కాగితాల లెక్కలో మాకు తప్పిపోయిన బండి అంటూ ఏదీ లేదు. మీ మాచర్ల ప్రయాణం కూడా సరిగ్గా ఇదే కోవలోకి వస్తుంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

నడిరాత్రి తెనాలిలో దిగి వాహనం కోసం వెతుక్కోవడం కంటే విజయవాడలోనే దిగడం మేలనిపించింది. భట్టిప్రోలు వెళ్లవలసిన ఒక నర్సమ్మ, వేమూరు వెళ్లవలసిన ఒక డిగ్రీ కుర్రవాడు మాతో కలిశారు. స్టేషను బయట కారు డ్రైవరు, "రేపల్లె నుంచి తిరుగు గిరాకీ ఉండదు బాబాయిగారూ, రానుపోను ఇవ్వాలి" అని పట్టుబట్టాడు. మూడు వేలకు బేరం కుదిరింది. బయలుదేరే ముందే అతని చేత రసీదు రాయించాను. రసీదు పుస్తకం లేదంటే, అతని జేబులో ఉన్న పెట్రోలు బంకు చీటీ వెనుకనే తేదీ, కారు నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నవి రాయించి సంతకం పెట్టించాను. "అర్ధరాత్రి ఈ రసీదుల గోల ఏమిటండీ" అని మా ఆవిడ విసుక్కున్నది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. తరువాత నేను చేసిన ఫిర్యాదుకు, నిర్వహణ కారణాల వల్ల ఆలస్యమైనందుకు విచారిస్తున్నామంటూ రెండు వాక్యాల జవాబు వచ్చి ఊరుకుంది.

ఇక నియమాల సంగతి. మొదటి బండి మనం ఎక్కే స్టేషనుకే మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తే, ఆ బండి ఎక్కకుండా, అది వాస్తవంగా బయలుదేరే లోపు టీడీఆర్ (ఛార్జీ వాపసు కోరే దరఖాస్తు) వేస్తే పూర్తి ఛార్జీ తిరిగి ఇస్తారు. అందరూ దీనినే పట్టుకుని మాట్లాడుతారు గాని, బండి ఎక్కిన తరువాత దారిలో ఆలస్యమైనవారికి ఇది అక్కరకు రాదు. రెండవది 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన సౌకర్యం: రెండు రిజర్వేషను టిక్కెట్ల పీఎన్‌ఆర్‌లను (రిజర్వేషను నంబర్లను) ముందుగానే కలిపి నమోదు చేసుకుంటే, మొదటి బండి ఆలస్యం వల్ల రెండవది తప్పినప్పుడు ప్రయాణించని భాగానికి రద్దు రుసుము కోయకుండా ఛార్జీ వాపసు ఇస్తారు. ప్రయాణికుల పేర్లు రెండింటిలోనూ ఒకే విధంగా ఉండాలి. మొదటి బండి దిగే స్టేషనూ రెండవది ఎక్కే స్టేషనూ ఒకటే కావాలి. మొదటి బండి వాస్తవంగా చేరిన మూడు గంటలలోపు ఈ-టిక్కెట్టైతే టీడీఆర్ వేయాలి, కౌంటరు టిక్కెట్టైతే అప్పగించాలి. విజయవాడలో దిగి చెన్నై బండి ఎక్కేవారు దీనిని తప్పక వాడుకోవాలి.

అయితే మన జిల్లాలలో రాత్రి ఆఖరి బండి అంటే దాదాపు ఎప్పుడూ రిజర్వేషను లేని ప్యాసింజరే. దానికి పీఎన్‌ఆరే ఉండదు. ఇక కలపడం ఎక్కడ? ఒకవేళ వాపసు ఇచ్చినా వచ్చేది చిల్లర డబ్బులే. రిజర్వేషనులో వచ్చి రిజర్వేషను బండి ఎక్కేవారికి రక్షణ రాసిపెట్టి, రాత్రిపూట వేరే దారి లేక ఊరి బండినే నమ్ముకున్నవారిని వదిలివేసిన నియమమిది. పెద్ద జంక్షనులో ఒకటి తప్పితే ఇంకొక బండి ఉంటుంది. రేపల్లె లైనులో తెల్లవారే వరకు ఏమీ ఉండదు.

మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. రైల్వేవారు సమయపాలనను బండి చివరి స్టేషనుకు చేరిన సమయాన్ని బట్టి లెక్కిస్తారు. దూర ప్రయాణపు బండ్లకు చివరి స్టేషనుకు ముందు అదనపు సమయం ఇచ్చి ఉంచుతారు. మధ్యలో ఎంత ఆలస్యమైనా అక్కడ కొంత పూడ్చుకోవచ్చు. మా బండి కూడా చివరికి చేరేసరికి సగం ఆలస్యం పూడ్చుకున్నదని మరునాడు ఫోనులో చూసి తెలుసుకున్నాను. విజయవాడ మధ్యలో వచ్చే జంక్షను. ఇక్కడ దిగి కనెక్షను బండి తప్పిపోయిన వేలమంది ఆలస్యం ఏ లెక్కలోకీ ఎక్కదు. నన్నడిగితే తెనాలి–రేపల్లె వంటి ఒంటి లైను మీద రాత్రి ఆఖరి బండిని పదిహేను నిమిషాలు ఆపితే ఎవరి కొంపా మునగదు, అటుపై దాని కోసం కాచుకుని ఉండే బండి కూడా ఏదీ లేదు. ఒక్క కంట్రోలరు మాటతో అయ్యే పని అది.

ఇప్పుడు మీకు పనికివచ్చే అసలు విషయం. 2021 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2016 జూన్ 11న అజ్మీర్–జమ్ము ఎక్స్‌ప్రెస్ ఉదయం 8.10కి జమ్ము చేరవలసి ఉండగా మధ్యాహ్నం 12 గంటలకు చేరింది. అందులో వచ్చిన కుటుంబానికి 12 గంటల శ్రీనగర్ విమానం తప్పిపోయి, టాక్సీలో వెళ్లవలసి వచ్చింది. ఆలస్యానికి తమది బాధ్యత కాదని తమ టారిఫ్ నిబంధనల్లోనే రాసి ఉందని రైల్వేవారు వాదించారు. జస్టిస్ ఎం.ఆర్.షా, జస్టిస్ అనిరుద్ధ బోస్ ఆ వాదన ఒప్పుకోలేదు. ఆలస్యానికి కారణం ఏమిటో, అది తమ చేతిలో లేనిదని రైల్వేనే సాక్ష్యంతో చూపాలనీ, చూపలేకపోతే అది సేవాలోపమేననీ, పరిహారం చెల్లించవలసిందేననీ తేల్చారు. టాక్సీకి 15,000, బుకింగ్ నష్టానికి 10,000, మనోవేదనకు, కోర్టు ఖర్చులకు చెరి 5,000 రూపాయలు ఇవ్వాలన్న ఉత్తర్వు అలాగే నిలిచింది. గమనించండి, అక్కడ తప్పినది విమానం. రైల్వేతో దానికి ఏ సంబంధమూ లేదు, పీఎన్‌ఆర్ కలిపినదీ లేదు. అటువంటప్పుడు గుంటూరులో తప్పిన రైల్వేవారి సొంత బండి విషయంలో, టిక్కెట్లు వేరు వేరన్న మాట నిలుస్తుందని నేను అనుకోను. మా ప్రయాణం నాటికి ఈ తీర్పు రాలేదు. వచ్చి ఉంటే నేను ఊరుకునేవాణ్ని కాదు.

ఛార్జీ వాపసు గొడవలు 1987 చట్టం క్రింద ఏర్పడిన రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పోతాయి. కనుక మీరు వాపసు ఊసెత్తకుండా సేవాలోపానికి పరిహారం అని మాత్రమే అడగండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు, అజ్మీరో సికింద్రాబాదో పోనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. మీ రిజర్వేషను టిక్కెట్టు, బండి ఆలస్యంగా చేరినట్లు ఆ రాత్రే తీసిన ఫోను చిత్రం, ఆఖరి ప్యాసింజరు బయలుదేరే సమయం ఉన్న టైంటేబులు పేజీ, కారు కిరాయి చెల్లించిన ఫోన్‌పే వివరం, ఇవి చాలు. ఫోనులో చెల్లించి ఉంటే నాలాగా బంకు చీటీ వెనుక రాయించుకునే అవసరమే మీకు రాదు. ముందుగా డివిజనల్ రైల్వే మేనేజరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ రసీదు దాచుకుని, జవాబు రాకపోయినా, విచారిస్తున్నామన్న రెండు వాక్యాలే వచ్చినా, వెంటనే కమిషనులో దాఖలు చేయండి.