పడిశం గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి తుమ్ముతూనే. "వానలో తడిస్తే జలుబు చేస్తుందనేది మూఢనమ్మకం" అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు చూడు, మీ అమ్మమ్మ అక్కడే పేజీ తిప్పేస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే రాసి, ఎవరో పెద్దాయన చేత పోస్టుకార్డు మీద చీవాట్లు తిన్నాను.

కారణం వైరస్సే, కాదనను. కానీ "రెండు వందలకు పైగా వైరస్‌లు" అని రాసి వదిలేస్తే ఎవరికి గుర్తుంటుంది? వాటిల్లో జలుబు ఎక్కువగా తెచ్చే రైనోవైరస్ ఒక్కదాంట్లోనే 160 దాకా రకాలున్నాయి, ఒకదాన్ని తట్టుకున్న ఒంటికి ఇంకోటి మళ్ళీ కొత్త చుట్టమే, అందుకే నెల తిరక్కుండా ముక్కు మళ్ళీ కారుతుంది అని చెప్పు. అది 33 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, ఒంట్లో కన్నా ముక్కులో చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడే మకాం వేస్తుంది.

ఇక చలి సంగతి. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో 1946 నుంచి 1990 దాకా జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం నడిచింది. అక్కడ వాలంటీర్లకి వేడినీళ్ళ స్నానం చేయించి, ఒళ్ళు తుడుచుకోనివ్వకుండా గాలి కొట్టే వరండాలో నిలబెట్టారు, ఆ పైన తడి మేజోళ్ళతో తిప్పారు (నన్నయితే ఎంత డబ్బిచ్చినా వెళ్ళను). వైరస్ ఎక్కించకుండా ఉత్త చలి తగిలినవాళ్ళలో ఒక్కరికీ జలుబు చేయలేదు. ఇక్కడితో ఆపకు. 2005లో బ్రిటన్‌లోనే కార్డిఫ్‌ అనే ఊళ్ళో 90 మందిని 20 నిమిషాలు చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోమన్నారు, తర్వాత నాలుగైదు రోజుల్లో 13 మంది జలుబు చేసిందన్నారు, కాళ్ళు తడవని 90 మందిలో అయిదుగురే. అయితే వైరస్ ఉందో లేదో పరీక్షించలేదు, వాళ్ళు చెప్పిందే లెక్క, ఆ మాటా రాయి. అప్పటికే ముక్కులో దాక్కున్న వైరస్‌కి చలి దారి ఇచ్చిందేమో అన్నది ఆ పరిశోధకుల ఊహ.

మన దగ్గర వానలూ బడులూ జూన్‌లోనే మొదలవుతాయి కదా. ఒకటో తరగతి పిల్లాడు చీమిడి అరచేత్తో తుడుచుకుని, అదే చేత్తో పక్కవాడికి రబ్బరు ఇస్తాడు, వాడు ఆ చేతితోనే కన్ను నలుపుకుంటాడు. సాయంత్రం ఇద్దరూ తడిసి ఇంటికొస్తారు, తిట్లు మాత్రం వానకే. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

యాంటీబయాటిక్‌లు పనిచేయవన్న పేరా బావుంది, కదపకు. "ఊర్ధ్వ శ్వాసకోశ సంక్రమణ" మాత్రం కొట్టేసి పడిశం అను. ఆదివారంలోగా పంపు, ఈలోపు నేను ఆవిరి పట్టుకుంటాను.