లైట్ల కింద పెంచే సబ్జా మొక్కకు యూవీ ఇస్తే ఆకులో వాసన పెరుగుతుందా?

గదిలో ఎల్‌ఈడీ లైటు కింద సబ్జా మొక్కలు ఏపుగా పెరుగుతున్నాయి కానీ ఆకు నలిపితే వాసనే రావట్లేదు, యూవీ (అతినీలలోహిత) లైటు పెడితే ఆకులో నూనె పెరుగుతుందా అని అడిగారు. పెరుగుతుందండీ. కానీ ఏ రకం యూవీ, ఎంతసేపు, ఏ సమయంలో అన్నది తెలియకుండా పెడితే ముందు మొక్క మాడుతుంది, ఆ తర్వాత మీ కళ్ళకు దెబ్బ తగులుతుంది. నాకు రెండూ జరిగాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న భూతద్దం తీసుకుని ఆకును వెనక్కి తిప్పి చూడండి. సన్నటి గుంటల్లో మెరిసే చుక్కలు కనిపిస్తాయి, అవే నూనె గ్రంథులు. మనం ఆకు నలిపినప్పుడు వాటి పైపొర పగిలి నూనె బయటికొస్తుంది, వాసనంతా దానిదే. నా మొక్కల్లో చుక్కలు ఉన్నాయి కానీ నిండుగా లేవు, సొట్టపడి గాలిపోయిన బుడగల్లా ఉండేవి. ఇదెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది, ఈ మొక్క మీదే 2002లో వచ్చిన పరిశోధనలో, యూవీ-బి అనే రకం యూవీ అసలు తగలకుండా పెరిగిన మొక్కల్లో నూనె గ్రంథులు సరిగ్గా నిండలేదనీ, యూవీ-బి ఇచ్చిన మొక్కల్లో నిండాయనీ తేలింది. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో యూవీ-బి ఉండదు. కిటికీ అద్దం కూడా దాన్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది, కాబట్టి కిటికీ దగ్గర పెట్టినా ఈ లోటు తీరదు.

యూవీ అంటే ఒకటే కాదు. తరంగదైర్ఘ్యాన్ని బట్టి 315 నుంచి 400 నానోమీటర్ల వరకు యూవీ-ఎ, 280 నుంచి 315 వరకు యూవీ-బి, అంతకంటే తక్కువది యూవీ-సి. నేను మొదట కొన్నది ఊదారంగులో వెలిగే బల్బు, పెట్టె మీద యూవీ అని పెద్దక్షరాలతో రాసి ఉంది, రెండు నెలలు వెలిగించినా ఆకులో ఏ తేడా రాలేదు. అది 395 నానోమీటర్ల యూవీ-ఎ. మొక్కలో యూవీ-బిని పసిగట్టే ప్రోటీన్ వేరే ఉంది, యూవీఆర్8 అంటారు, అది యూవీ-బి గ్రాహకమని 2011లో నిర్ధారించారు. అది మేల్కొంటే మొక్క యూవీ-బి నుంచి తనను కాపాడుకునే పదార్థాలు తయారుచేయడం మొదలుపెడుతుంది. ఇక క్రిములను చంపడానికి వాడే యూవీ-సి దీపం జోలికి అసలు వెళ్ళకండి, అది మొక్కనూ మనల్నీ ఒకేలా దెబ్బతీస్తుంది.

తర్వాత బల్లులు, తాబేళ్ళు పెంచేవాళ్ళు వాడే యూవీ-బి ట్యూబు తెచ్చాను. అక్కడ చేసిన తప్పు ఇది: మెయిన్ లైటు ఆగిపోయాక, చీకట్లో, మొదటిరోజే నాలుగు గంటలు వెలిగించాను. రెండు రోజుల్లో పై ఆకులు అంచులు ముడుచుకుని రాగిరంగులోకి తిరిగాయి, కొన్నిటికి కంచులాంటి మెరుపు వచ్చింది. యూవీ-బి వల్ల కణాల్లో డీఎన్ఏ దెబ్బతింటుంది, దాన్ని బాగుచేసే ఎంజైమ్ పనిచేయాలంటే నీలి కాంతి లేదా యూవీ-ఎ కావాలి. అంటే చీకట్లో యూవీ-బి ఒక్కటే ఇస్తే, గాయం చేస్తూ మందు దాచిపెట్టినట్టు. మెయిన్ లైటు బాగా వెలుగుతున్న సమయంలోనే, మధ్యాహ్నం ఎండలా, ఇవ్వాలి.

రెండోసారి ట్యూబును మొక్కల చివర్లకు 40 సెంటీమీటర్ల పైన కట్టి, రోజుకు పావుగంటతో మొదలుపెట్టి రెండు వారాల్లో గంటకు తెచ్చాను, అక్కడే ఆపాను. ముదురు ఆకుల్లో ఏమీ మారలేదు, వాటి కోసం ఎదురుచూడకండి. ఆ తర్వాత వేసిన లేత ఆకుల్లో తేడా వచ్చింది. మూడో వారంలో కుండీ పక్కనుంచి వెళ్తుంటే చేయి తగిలి వాసన వచ్చింది, ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆకు చిన్నదైంది, మందంగా మారింది, కణుపులు దగ్గరపడ్డాయి, కోసిన ఆకు బరువు తగ్గింది. మీకు ఎక్కువ ఆకు కావాలంటే ఈ బేరం నచ్చకపోవచ్చు.

యూవీ పెడితే ప్రతి మొక్కలోనూ జిగురు, నూనె పెరుగుతాయనే ప్రచారం ఎక్కువగా గంజాయి పెంచేవాళ్ళ నుంచి వచ్చింది. 1987లో ఒక ప్రయోగంలో యూవీ-బి మోతాదు పెరిగేకొద్దీ మత్తు రకం గంజాయి మొక్కల్లో మత్తు కలిగించే పదార్థం టీహెచ్‌సీ పెరిగింది, నార రకంలో మాత్రం అలాంటి పెరుగుదల కనిపించలేదు. ఆ ఒక్క ఫలితాన్ని పట్టుకుని చాలామంది దీపాలు అమ్మారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈమధ్యకాలపు ఇండోర్ గంజాయి రకాల మీద చేసి 2021లో ప్రచురించిన ప్రయోగంలో దిగుబడీ పెరగలేదు, టీహెచ్‌సీ గాఢతా పెరగలేదు, ఆకులు మాత్రం దెబ్బతిన్నాయి. కాబట్టి ఒక మొక్క మీద వచ్చిన ఫలితాన్ని ఇంకో మొక్కకు అంటగట్టకండి. సబ్జాలో పనిచేస్తుంది కదా అని అన్నిటికీ పెట్టొద్దు.

ఇప్పుడు కళ్ళ సంగతి. ఒకరోజు ట్యూబు వెలుగుతుండగానే కుండీలు సర్దుతూ అరగంట దాని కింద ఉన్నాను. అప్పుడేమీ అనిపించలేదు. రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు ధారగా కారాయి, లైటు వైపు చూడలేకపోయాను. కంటిపాప ముందున్న పొర కాలిందని, వెల్డింగ్ చేసేవాళ్ళకు వచ్చేది ఇదేనని డాక్టరు చెప్పారు. తగ్గడానికి రెండు రోజులు పట్టింది. యూవీ కంటికి కనిపించదు, దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది, అందుకే ఇది ప్రమాదం. ఇంట్లో పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే ఇంకా జాగ్రత్త. ఇప్పుడు నాకు టైమర్ ఉంది, తలుపు తీస్తే ఆగిపోయే స్విచ్ ఉంది, పాలీకార్బనేట్ కళ్ళజోడు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఆ పని ముట్టుకోను.

ట్యూబు కంటికి వెలుగుతున్నట్టే కనిపించినా, దాన్నుంచి వచ్చే యూవీ-బి నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో మార్చాలి. అద్దం, అక్రిలిక్ రేకు లాంటివి మధ్యలో అడ్డు పెడితే మొక్కకు దాదాపు ఏమీ చేరదు.

ఇవన్నీ కొనేముందు మీ మెయిన్ లైటు చూసుకోండి. మొక్క సన్నగా పొడుగ్గా సాగుతోందంటే దానికి కాంతే చాలట్లేదు, ఆ స్థితిలో యూవీ ఇస్తే నష్టం తప్ప లాభం లేదు. నత్రజని ఎరువు ఎక్కువైనా ఆకు పెద్దదై వాసన పలచబడుతుంది. మీ లైటు ఎన్ని వాట్లది, మొక్కలకు ఎంత ఎత్తులో ఉంది, ఏ ఎరువు వేస్తున్నారో రాయండి, చూసి చెప్తాను.