చెంచాడు తోడు

బేటీ,

అస్సలాము అలైకుమ్. నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పిన మాటలు తెల్లారేదాకా నా చెవుల్లోనే ఉన్నాయి. బాబు పిల్లిని రాయి పెట్టి కొట్టాడు, చెల్లి చేతిలో బొమ్మ లాక్కుని తోసేశాడు, వీడికి జాలి అనేదే లేదేమో ఖాలా అన్నావు. ముందు ఆ టెన్షన్ తీసి పక్కన పెట్టు. వాడికి ఇంకా ఐదేళ్ళు. తన దెబ్బ అవతలి ప్రాణానికి ఎలా తగులుతుందో వాడికి ఇంకా తెలియదు, అంతే.

నాకు భయం వేసింది ఇంకో మాటకి. "అల్లాహ్ నిన్ను నిప్పుల్లో వేస్తాడని చెప్పాను" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకమ్మా. నేను అని అనుభవించాను. మీ పెద్ద భాయ్‌కి ఆరేళ్ళప్పుడు తూనీగ తోకకు దారం కట్టి ఆడుతుంటే నేనూ సరిగ్గా అదే అన్నాను. ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచి, "అమ్మీ, అల్లాహ్‌కి నేనంటే ఇష్టం లేదా?" అని అడిగాడు. పోనీ తూనీగలు పట్టడం మానేశాడా అంటే అదీ లేదు. పెరట్లో నీళ్ళ తొట్టి వెనకాల దాక్కుని పట్టడం మొదలుపెట్టాడు.

నీ కొడుకు నేర్చుకున్న మొదటి మాట బిస్మిల్లా, అంటే అల్లాహ్ పేరుతో అని. ఖుర్ఆన్‌లో 114 సూరాలు, అంటే అధ్యాయాలు, ఉంటే 113 దానితోనే మొదలవుతాయి. అందులో అల్లాహ్ తన గురించి చెప్పుకున్నది రహ్మాన్, రహీమ్ అని. రెండూ కరుణ పేర్లే. అమ్మ గర్భాన్ని అరబీలో ఏ మాటతో పిలుస్తారో ఆ మాటా ఇదే ధాతువులోంచి వచ్చింది. బిడ్డకు ముందు ఆ అల్లాహ్ తెలియాలి. నమాజు చెయ్యమని చెప్పడమే ఏడేళ్ళ నుంచి అన్నారు ప్రవక్త (స), ఐదేళ్ళవాడికి నరకం సంగతి ఎందుకు?

నేను తప్పు దిద్దుకున్నది ఎలాగో చెప్తా విను. ఒక సాయంత్రం ఆ తొట్టి వెనక్కే వెళ్ళి వాడి పక్కన కూర్చుని కథ చెప్పాను. ప్రయాణంలో ఉన్నప్పుడు సహాబాలు, అంటే ప్రవక్త సహచరులు, ఒక చిన్న పిట్ట పిల్లల్ని రెండింటిని తీసుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అక్కడక్కడే తిరుగుతోంది. మన ప్రవక్త (స) చూసి, దీని బిడ్డల్ని తీసి దీన్ని బాధపెట్టిందెవరు, తిరిగి ఇచ్చేయండి అన్నారు. నేను చెప్పింది ఇంతే, నీతి గీతి ఏమీ జోడించలేదు. వాడు కాసేపు ఊరుకుని, గోటితో ఆ దారం ముడి విప్పడానికి చూశాడు. రాలేదు. నేను విప్పబోతే వద్దన్నాడు. చివరికి ముడి ఊడింది, తూనీగ మాత్రం వేలి మీద నుంచి కదల్లేదు. "ఊదనా అమ్మీ?" అన్నాడు. మెల్లగా ఊదాడు. అది ఎగిరిపోయేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు.

మీవాడికి పిల్లిని కట్టేసి చంపిన ఆడమనిషి కథ ఇప్పుడే చెప్పకు. అది పదేళ్ళప్పుడు చెప్పొచ్చు. కుక్కకు నీళ్ళు పోసిన మనిషి కథ చెప్పు. దాహంతో నాలుక బయటపెట్టి తడి మట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, తన జోడు నిండా నీళ్ళు పట్టి, దాన్ని పళ్ళతో కరుచుకుని పైకెక్కి తాగించాడు కదా. అల్లాహ్ అతన్ని క్షమించాడు. మన ఇళ్ళల్లో కుక్కను లోపలికి కూడా రానివ్వం, అలాంటిది ఆ కుక్క దాహమే అతనికి మేలు చేసింది. పిల్లలకు ఆ జోడు పళ్ళతో కరుచుకోవడం భలే నచ్చుతుంది. కథ అయ్యాక పాత గిన్నె ఒకటి వాడికివ్వు. గుమ్మం దగ్గర పిల్లికి రోజూ నీళ్ళు పెట్టడం వాడి పని. మర్చిపోతే గుర్తు చెయ్యి, కానీ నువ్వు పెట్టకు.

ముప్పై ఏళ్ళుగా సాయంత్రాలు మన వీధి పిల్లలకు అరబీ చెబుతున్నాను. సూరా మాఊన్ ఏడు ఆయతులు, అంటే ఏడే వాక్యాలు, చిన్నదని అందరికీ నోటికి వచ్చేస్తుంది. ఒకరోజు ఒక పిల్ల దాన్ని ఎంతో చక్కగా చదివి, చాప మీద పక్కన కూర్చున్న పిల్లకు రబ్బరు ఇవ్వనంది. తప్పు నాదే. అర్థం చెప్పలేదు. అనాథను తోసేసేవాళ్ళ గురించీ, నలుగురూ చూడాలని నమాజు చేసేవాళ్ళ గురించీ చెప్పి, ఆఖరికి వాళ్ళు మాఊన్ కూడా ఇవ్వరు అంటుంది ఆ సూరా. మాఊన్ అంటే ఇరుగుపొరుగు అడిగి పుచ్చుకునే చిన్నచిన్న వస్తువులు. బకెట్టు, గిన్నె, సూది, ఉప్పు. ఆ రోజు పాఠం ఆపేసి, మీ ఇళ్ళల్లో మాఊన్ ఏముందో చెప్పండి అన్నాను. చాట, నిచ్చెన, సుత్తి, సైకిల్ పంపు అని ఒకటే అరుపులు. రబ్బరు ఇవ్వనన్న పిల్ల "పాలల్లో వేసే తోడు" అంది. మర్నాటి నుంచి పక్కింటివాళ్ళు తోడు అడిగితే వాళ్ళమ్మను లేవనివ్వకుండా తనే చెంచాతో తీసుకుని, ఒలకకుండా అడుగులో అడుగు వేస్తూ పట్టుకెళ్ళేదట.

నువ్వూ అంతే చెయ్యి. రంజాన్‌కి షీర్ ఖుర్మా గిన్నె అయినా, బక్రీద్‌కి పంచే మాంసం అయినా వాడి చేత్తో వెళ్ళాలి. ఎవరింట్లో మాంసం తినరో వాళ్ళకు పళ్ళు పట్టుకెళ్ళాలని కూడా వాడికే చెప్పు, ఎదుటివాళ్ళ ఇష్టం తెలుసుకోవడం అక్కడే వస్తుంది. వాడు ఇస్తున్నప్పుడు మాత్రం ఫోటో తీసి స్టేటస్ పెట్టకు. ఇచ్చింది చాటుకుని పుచ్చుకున్నవాళ్ళ మనసు నొప్పించొద్దని ఖుర్ఆన్‌లోనే ఉంది. విరిగిన బొమ్మలు ఏరి దానం చేయించకు. అలాగని వాడు పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మను చెల్లికి ఇచ్చెయ్యమని బలవంతమూ చెయ్యకు. అది వాడి సొంతం, వాడంతట వాడు ఇవ్వాలి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమెతో నువ్వెలా మాట్లాడుతున్నావో వాడు చూస్తూనే ఉంటాడు. హజ్రత్ అనస్ పదేళ్ళు ప్రవక్త (స) దగ్గర పనిచేస్తే ఒక్కసారి కూడా విసుక్కోలేదట. అనస్ తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట చచ్చిపోతే, దాని గురించి ఆ పసివాణ్ణి ఆగి పలకరించారు. పిల్లవాడి చిన్న దుఃఖాన్ని పెద్దవాళ్ళు పట్టించుకుంటేనే వాడికి పిల్లి దుఃఖం కనపడుతుంది. రాయి వేసిన రోజు వాడికేమైందో అడిగావా? స్కూల్లో ఎవరైనా కొట్టారేమో. ఈ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని అడుగు, తిట్టకుండా అడుగు.

శుక్రవారం జుమా అయ్యాక ఫోన్ చేస్తాను. గిన్నెలో నీళ్ళు పెట్టాడా, పిల్లి వచ్చి తాగిందా అన్నది నాకు వాడే చెప్పాలి. నువ్వు పక్క నుంచి అందించకు.

దుఆలతో,
మీ ఖాలా