చీపురు చూసి మంచం కింద దూరే కుక్క విషయంలో

చీపురు ఎత్తితే మంచం కింద దూరుతోంది, మెడపట్టీ పట్టుకోబోతే గుర్రుమంటోంది అన్నారు. షెల్టర్ నుంచి వచ్చి వారమే కదా, ఆశ్చర్యం లేదు. ముందు మంచం కింద నుంచి లాగడం మానేయండి. దాక్కునే చోటు కూడా పోతే దానికి మిగిలేది కరవడమే. గుర్రుమన్నందుకు తిట్టినా అంతే, ఈసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.

చీపురు గది అవతలి మూల నేలమీద పడేసి ఉంచండి. కుక్క దాన్ని చూశాక శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క వేయండి (ఉప్పు, ఉల్లి వద్దు). వరుస తప్పకూడదు: ముందు చీపురు, తర్వాతే ముక్క. తిరగేస్తే చికెన్ కనబడగానే బెదరడం నేర్చుకుంటుంది! పూటకు రెండు మూడు నిమిషాలు చాలు. నిలకడగా తింటుంటే చీపురు చేత్తో పట్టుకోండి, ఊడ్చడం ఆ తర్వాత. పెదాలు నాకుతున్నా, పదేపదే ఆవులిస్తున్నా, ముక్క ముట్టకపోయినా మీరు తొందరపడ్డట్టే, దూరం పెంచండి. ఈలోగా ఇల్లు ఊడ్చేటప్పుడు దాన్ని వేరే గదిలో పెట్టండి.

మెడపట్టీ కోసం పైనుంచి చెయ్యి చాపొద్దు. పక్కకు తిరిగి కూర్చోండి, అదే దగ్గరికి రానివ్వండి. బయటికి వెళ్లేటప్పుడు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కూడా వేసి తాడు రెండింటికీ తగిలించండి. బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుని మెడపట్టీలోంచి తల లాగేసుకుంటుంది.

ఈ వారమే వెటర్నరీ డాక్టరుకు చూపించండి. చెవిలో చీము, మెడనొప్పి ఉన్నా పట్టీ ముట్టనివ్వదు. పిడుదులు కనబడితే టిక్ ఫీవర్‌కు (పిడుదుల వల్ల వచ్చే జబ్బు) రక్తపరీక్ష అడగండి. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.