తీర్మానం రాసే ముందు ఫైరింజన్‌ను ఊళ్లోకి పిలిపించు

చిరంజీవి అమ్మాయికి,

తిరుపతి నుంచి మీ మామ ఆశీస్సులు.

కొండ పక్కన కట్టే ఇళ్లకు ఫైరింజన్ పట్టేంత దారి వదలాలని, చుట్టూ ఎండుగడ్డి లేకుండా చూడాలని అధికారులు చెప్పి వెళ్లారట. ‘మా ఊరికి ఇవి వద్దు’ అని పంచాయతీలో తీర్మానం పెడతానని నిన్న ఫోన్లో అన్నావు. రెండు సెంట్ల జాగా ఉన్నవాణ్ణి దారికి వదలమంటే వాడెక్కడ పడుకోవాలన్నావు. నిజమే. నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు ఇదే మాట చెప్పి, ఇలాంటి తీర్మానమే ఏకగ్రీవంగా చేయించి చప్పట్లు కొట్టించుకున్నాను.

రెండేళ్లు తిరక్కుండానే మార్చిలో ఒక మధ్యాహ్నం కొండ మీద బోదగడ్డి అంటుకుంది. నువ్వప్పుడు చిత్తూరు హాస్టల్లో ఉన్నావు. మంట ఊరి దాకా రానేలేదు. గాలికి రవ్వలు మామిడితోపు దాటొచ్చి ఒక కొట్టం చూరులో పడ్డాయి. ఫైరింజన్ వచ్చింది గానీ రచ్చబండ మలుపు తిరగలేకపోయింది. అక్కడ ఒకాయన అరుగు రెండడుగులు ముందుకు కట్టుకున్నాడు. కట్టుకోమన్నది నేనే. బిందెలతో ఆర్పేలోగా కొట్టం, వామి, రెండు దూడలు పోయాయి. పంచనామా రాసేవాడు దూడల వయసెంత అంటే ఆ ఇల్లాలు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చెప్పింది.

2014 మార్చిలో శేషాచలం కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు పోశాయి. అది తిరుమల కాబట్టి వచ్చాయి. మనకు వచ్చేది ఆ ఒక్క ఎర్ర బండే, అదీ మలుపు తిరిగితే.

కాబట్టి గ్రామసభకు ముందే ఫైర్ స్టేషన్‌కు వెళ్లి, బండిని ఒకసారి ఊళ్లో తిప్పి చూపించమని అడుగు. ఎక్కడ ఆగితే అక్కడ సున్నంతో గీత గియ్యి. వేలాడే కరెంటు తీగలు, కల్వర్టు బలం, బండి వెనక్కి తిరగడానికి చోటు, ట్యాంకు ఖాళీ అయితే నింపుకునే బోరు, అన్నీ చూడు. ఊరంతా పడగొట్టాల్సిన పని ఉండదు. నాలుగైదు చోట్ల సరిచేస్తే చాలని జనానికే కనిపిస్తుంది. సభలో మాట్లాడేది మాత్రం నువ్వే, మీ ఆయన కాదు.

మా పెద్దోడు కాలిఫోర్నియాలో ఉండబట్టి అక్కడి గొడవ నా చెవిన పడుతుంటుంది. 2021లో అక్కడి అటవీ బోర్డు దారుల నిబంధనలు మార్చబోతే పల్లె కౌంటీలు ఎదురుతిరిగాయి. దారి ఖర్చు ఎవరిది, ఇల్లు కాలిపోయినవాడు తిరిగి కట్టుకోవాలంటే ఎలా అన్నారు. న్యాయమైన ప్రశ్నలే. కానీ అంతకు మూడేళ్ల ముందు, 2018 నవంబరు 8న, అదే రాష్ట్రంలో పారడైజ్ అనే ఊరు తగలబడింది. ఆ మంటల్లో 85 మంది పోయారు. తప్పించుకుందామని కార్లెక్కినవాళ్లు దారులు చాలక ఇరుక్కుపోయారు. మంటను తట్టుకునేలా ఇల్లు కట్టాలన్న 2008 నిబంధనల తర్వాత అక్కడ కట్టిన ఇళ్లలో సగం దాకా నిలిచాయి. పాతవాటిలో ఐదింట ఒకటి కూడా మిగల్లేదు.

ఇంకో సంగతి. నీ వెనక గట్టిగా అరిచేవాళ్లలో కొండ కింద వెంచర్ వేసినవాడు ఉన్నాడేమో చూసుకో. రెండు సెంట్ల పేదవాడి పేరు చెప్పి తన ప్లాట్ల దారి తగ్గించుకునేది అతనే. ఆ ఇద్దరినీ ఒకే తీర్మానంలో కట్టకు.

ఇలా రాయి: పాత ఇళ్లను కదపొద్దు. కొత్త లేఅవుట్‌కు దారి నిబంధన పూర్తిగా వర్తించాలి. మలుపులు సరిచేసే ఖర్చు ఎవరు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ‘వద్దు’ అని రాస్తే ఫైలు మూసేసి ఊరుకుంటారు. ‘డబ్బెవరిస్తారు’ అని రాస్తే వాళ్లు జవాబు రాయాలి.

ఇక చూరు కింద వామి వేయకపోవడం, రేకుల మీద మామిడాకులు ఊడ్చడం, వీటికి ఏ తీర్మానమూ అక్కర్లేదు. ఫిబ్రవరి రాకముందే మొదలుపెట్టించు.

గురువారం పొద్దున బస్సుకు వస్తాను. టేపు నేనే తెస్తాను. ఆ అరుగు ఇంకా అలాగే ఉందా?

మీ మామ